వాపాకు పొడి

బెంగళూరు, 1964 ఆగస్టు

ప్రియమైన నాయనకు, నీ కొడుకు ఆదెన్న దండాలు పెట్టి రాసేది.

సంతోషమైన మాట ముందు చెప్తాను. నువ్వు పొట్లం కట్టి ఇచ్చిన వాపాకు పొడి పనిచేసింది. మా మందుల పరిశోధనశాలలో తెల్ల ఎలుకల పాదానికి సూదిమందు వేసి వాపు తెప్పిస్తారు. కొన్నింటికి తుమ్మబంక నీళ్లలో నీ పొడి కలిపి తాగించాం, కొన్నింటికి పొడి లేని ఒట్టి బంకనీళ్లు. సాయంత్రానికి బంకనీళ్లు తాగినవి కాలు ఈడుస్తూనే ఉన్నాయి. నీ పొడి తాగినవి గూట్లో ఒకటే పరుగులు. డాక్టరు గారు నా భుజం తట్టి, "ఆదెన్నా, మీ నాన్న దగ్గర ఇంకా ఉందా?" అని అడిగారు. ఎలుకలకు మేత వేసి గూళ్లు కడిగే నన్ను ఆయన పేరు పెట్టి పిలవడం అదే మొదలు. బెళుగుప్పలో నిన్ను ఆకుల తిమ్మప్ప అని వెక్కిరించే వాళ్లందరికీ ఈ ఉత్తరం చదివి వినిపించు.

తాజా పొడి పంపించు. నువ్వు ఇచ్చింది గాజుసీసాలో మూత బిగించి పెట్టినా రెండు మూడు నెలలకే నల్లబడి వాసన పోయింది. నువ్వు ఎప్పటికప్పుడు దంచి ఇస్తావు కాబట్టి నీకు ఆ సంగతి తెలిసి ఉండదు. ఇక మీదట దాన్ని ఎలుకలకు రోజూ తాగించి, చాలాకాలం వాడినా ఒంటికి చెరుపు లేదని తేల్చుకోవాలట. నాకు నవ్వొచ్చింది. మన ఊళ్లో తాతల కాలం నుంచీ తింటూనే ఉన్నారు కదా. అమ్మ బతికి ఉంటే ఎంత మురిసిపోయేదో.

నీ ఆదెన్న

బెంగళూరు, 1964 డిసెంబరు

నాయనా,

ఈ ఉత్తరం మొదలుపెట్టడం, చించేయడం, ఇదే పనిగా ఉంది. రోజూ నీ పొడి తాగిన ఎలుకలను మొన్న కోసి చూశారు. పాదాలు బాగున్నాయి. కడుపు లోపల మాత్రం పుళ్లు, నల్లటి నెత్తురు. బంకనీళ్లు తాగినవాటి కడుపులు శుభ్రంగా ఉన్నాయి. మా ఊళ్లో ఎవరికీ ఏమీ కాలేదని డాక్టరు గారితో కొంచెం గట్టిగానే అన్నాను. ఆయన కోప్పడలేదు. "మీ ఊళ్లో ఎవరి కడుపైనా కోసి చూశారా?" అన్నారు.

అప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. అమ్మ చివరి రోజుల్లో నల్లగా కక్కుకోవడం కళ్లకు కట్టినట్టు ఉంది. ఎండదెబ్బ అన్నారు, కరువులో తిన్న గడ్డలు పడలేదన్నారు. ఆ ఏడంతా అమ్మ మోకాళ్ల నొప్పికి పొద్దున్నే పొట్లం చేతికిచ్చింది నువ్వు. మజ్జిగలో కలుపుకొని తాగమని పోరింది నేను. ఎలుకకు అయిందల్లా మనిషికి కావాలని లేదని మళ్లీ డాక్టరు గారే అంటారు. ఒక పూట అదే నిజమనిపిస్తుంది. గూళ్ల దగ్గరికి పోతే మళ్లీ అమ్మే గుర్తొస్తుంది. నీకు చెప్పడం మంచిదో దాచడం మంచిదో తెలియలేదు. దాచితే రేపు ఇంకొకరికి ఇస్తావు, అందుకని రాస్తున్నాను. ఆ పొడి ఎవరికీ ఇవ్వొద్దు నాయనా. అమ్మ సంగతి నువ్వేమనుకుంటావో రాయి. నాకేమీ తోచడం లేదు.

ఆదెన్న

బెళుగుప్ప, 1965 జనవరి

చిరంజీవి ఆదెన్నకు మీ నాయన దీవించి రాసేది.

నీ జాబు చదివినాను. నువ్వు ఊరికే మనసు పాడు చేసుకుంటాండావు. మీయమ్మ ఆ పొడి తిననే లేదు. మొన్న అటక మీద జొన్నల కుండ దించితే అడుగున పొట్లాలు బయటపడినాయి. నేను ఇచ్చినవి ఇచ్చినట్టే దాచిపెట్టింది. చేదని నోట్లో పెట్టలేకపోయినాదేమో. నేను నొచ్చుకుంటానని చెప్పలేదు. నువ్వు నమ్మవని ఒక పొట్లం దీంతో పంపుతాండా, చూసుకో. ఆయమ్మను తీసుకపోయింది ఎండే. నీకూ సంబంధం లేదు, నాకూ లేదు. కడుపు నిండా తిని పని చేసుకో.

పొడి ఎవరికీ ఇయ్యడం లేదులే. నిన్న నల్లమ్మ వచ్చి మోకాళ్లు పట్టుకొని గడప కాడ కూర్చుంది. "ఏమప్పా తిమ్మప్పా, ఊరందరికీ ఇచ్చి నాకు మాత్రం లేదంటావా?" అనింది. ఆముదం కాచి రాసినా. తిట్టుకుంటా పోయింది.

మీ నాయన తిమ్మప్ప

బెంగళూరు, 1965 జనవరి

నాయనా,

పొట్లం అందింది. తలుపు వేసుకొని విప్పాను. పొడి ఇంకా పచ్చగా ఉంది. గదంతా వాసన కమ్ముకుంది. అమ్మ పోయి ఏడాదిన్నర అయినా, నా సీసాలో లాగా నల్లబడకుండా ఇట్లా ఉందంటే, దాచడం అమ్మకే తెలియాలి.

దీన్ని ఎలుకలకు పెట్టను. నా పెట్టెలో, అమ్మ చీర మడతలో ఉంచుకున్నాను. డాక్టరు గారు సెలవు ఇచ్చారు. శనివారం కళ్యాణదుర్గం మీదుగా వచ్చే బస్సుకు వస్తాను. నువ్వు కూడా సరిగా తినడం లేదని నాకు తెలుసు. సంగటి చేసి పెట్టు, ఇద్దరం కూర్చొని తిందాం. నల్లమ్మకు నేను చెప్తాను. నేను వచ్చేదాకా, నా కోసమైనా సరే, రోట్లో ఇంకేమీ దంచొద్దు నాయనా.

నీ కొడుకు
ఆదెన్న