పని లేని రోజు మాత్ర

బావగారికి,

ఇక్కడ అందరం బాగున్నామని రాయడానికి చెయ్యి రావడం లేదు.

గుండెలో వాల్వు మార్చాక మీ తమ్ముణ్ణి రక్తం పలచబడే మాత్ర రోజూ వేసుకోమన్నారు కదా. ఆ మధ్య తలుపు చెక్కుతుంటే ఉలి తగిలి, గుడ్డ మీద గుడ్డ కట్టినా రక్తం ఆగలేదు. అది విని మీరు ఫోన్లో, "పని ఉన్న రోజు ఆ మాత్ర మానెయ్యరా" అన్నారట. ప్రేమ కొద్దీ అన్నారని నాకు తెలుసు. కానీ ఆయనకి పని లేని రోజు ఎప్పుడుంది?

రెండు వారాల కిందట ఒక పొద్దున ఆయన చేతిలోంచి టీ గ్లాసు జారిపోయింది. మూతి వంకర పోయింది. మాత్ర మానెయ్యడంతో గుండెలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకి చేరిందని డాక్టరమ్మ చెప్పింది. "వేసుకుంటే గాయం నుంచి రక్తం తొందరగా ఆగదు, నిజమే. అందుకేగా పరీక్షలు చేసి మోతాదు చూస్తున్నాం! నన్ను అడక్కుండా ఆపేస్తే ఎలాగమ్మా?" అని కోప్పడింది.

మూతి సర్దుకుంది. కుడిచెయ్యి ఇంకా స్వాధీనంలోకి రాలేదు. ఇప్పటికీ మాత్ర ఇవ్వబోతే, "అన్నయ్య వద్దన్నాడుగా" అంటున్నారు. అరవడానికి నాకిక ఓపిక లేదు. వద్దన్న నోటితో మీరే వేసుకోమని చెప్పాలి.

నిన్న షెడ్డులోకి వెళ్లి ఉలి పట్టుకోబోయారు. జారి కింద పడింది. "మొండిదైపోయిందే, అన్నయ్య వస్తే పదును పెట్టించాలి" అని నవ్వారు.

నేను వేలితో తడిమి చూశాను బావగారూ. ఉలి పదునుగానే ఉంది.

మీ మరదలు