రాజక్క బోణీ

అక్కా,

నువ్వూ బావగారూ పిల్లలూ కులాసా అని తలుస్తాను. నేను బాగానే ఉన్నాను, దిగులుపడకు. గోదావరిఖని ఎండ మాత్రం మనిషిని తినేస్తోంది. ఆరేసిన చొక్కా తీసేసరికి బొగ్గు దుమ్ము. నా వంట సంగతి అడగొద్దు. ఓపీ కిటికీ దగ్గర కంప్యూటర్ మీద కూర్చునే రాజక్క సర్వపిండి తెచ్చిపెట్టకపోతే ఈపాటికి చిక్కి సగమయ్యేవాణ్ని.

ఆవిడ గురించే రాయాలనిపించింది. గని కార్మికుల ఆస్పత్రులు రెండింట్లో కంప్యూటర్లు చూడటం నా పని కదా. రెండుచోట్లా ఒకటే డేటాబేసు, ఒకటే రకం మెషీను. రెండో ఆస్పత్రిలో కార్మికుడి కార్డు చిటికెలో వస్తుంది. రాజక్క ఉన్న ఇక్కడ క్యూ ఎండలోకి పాకుతుంది. తప్పంతా రాజక్కదేనని, చేతకాకపోతే స్వీపింగుకు మార్చేస్తామని పైవాళ్లు అన్నారు. నాకు ఒళ్లు మండింది. కారణం దొరికేదాకా వదల్లేదు.

పొద్దున మెషీను మొదలయ్యాక, మొదట అడిగిన కార్డును ఏ పద్ధతిలో వెతికిందో రోజంతా అదే పద్ధతి పట్టుకుంటోంది. రాజక్క రోజూ మొదట తీసేది వాళ్లాయన కార్డు. గనిని ఇక్కడ బాయి అంటారు. ఆయన పనిచేసిన బాయి మూతపడింది, ఆ బాయి పేరు కింద పట్టుమని పదిమంది కార్డులు కూడా మిగల్లేదు. ఒక్కొక్కటీ తిరగేసినా ఎంతసేపు? వేలమంది ఉన్న ఓపెన్‌కాస్టు గనికీ అలాగే తిరగేస్తుంటే ఆలస్యం కాక ఏమవుతుంది?

బాయిలో పైకప్పు కూలి చనిపోయాడట ఆయన. ఆ ఉద్యోగమే ఈమెకిచ్చారు. కార్డులో ఫొటో ఉంది.

"ఆయన మొకం జూసి బోణీ జేస్త తమ్మీ," అంది, అడిగితే.

ప్రతి కార్డుకూ తగిన పద్ధతిని కొత్తగా ఎంచుకునేలా మెషీన్ని సరిచేశాను. క్యూ కరిగిపోయింది, ఆమె కుర్చీ ఆమెకు నిలిచింది. ఆలస్యం ఎందుకయ్యిందో వివరించి, ఇక నీ బోణీ మానక్కర్లేదని రెండుసార్లు చెప్పాను. అయినా మర్నాడు ఎవరో ముసలాయన కార్డుతో మొదలుపెట్టింది. అదేంటక్కా అన్నాను. తెరవైపే చూస్తూ చెప్పింది.

"వద్దు తమ్మీ. బతికున్నన్ని దినాలు ఆయన ఎవ్వలకు అడ్డం రాలె."

నాకు ఏడుపొచ్చిందక్కా. బయటికెళ్లి నిలబడ్డాను. ఆమె ఇప్పటికీ ఆ కార్డు తెరవలేదు.

గోంగూర పచ్చడి పంపేటప్పుడు కాస్త ఎక్కువ పెట్టు, ఆవిడకు కూడా. పెద్దమ్మకు, బావగారికి నా నమస్కారాలు. నన్ను దీవించు. పొద్దున్నే నాన్న ఫొటోకు దణ్ణం పెట్టుకుంటావు కదా, నా వంతు కూడా పెట్టు.

నీ తమ్ముడు,
శ్రీను