నీ ఇంటర్వ్యూకు ఫీజు

సుజాతా,

మీ కాలేజీలో నీ తర్వాత చేరిన లెక్చరర్ కవిత నిన్న ఇంటికి వచ్చింది. పాఠాలన్నీ జిరాక్స్ తీసి పుస్తకంలా కుట్టి, పిల్లలకు అమ్మే కోర్సు ప్యాకెట్‌లో ఈసారి నీ ఇంటర్వ్యూ వేస్తారట. ఫలక్‌నుమాలో అగర్‌బత్తీలు చుట్టే ఖైరున్నిసాతో నువ్వు చేసినది. నువ్వు పోయాక దాని కాపీరైట్ భర్తగా నాదట. అనుమతికి ఎంత ఫీజు కావాలని అడిగింది. ఆ ఫీజు ప్యాకెట్ ధరలో కలుస్తుందని కూడా చెప్పింది.

ఆ ఇంటర్వ్యూలో సగం మాటలు ఖైరున్నిసావి. అందుకని కవితను ఆమె దగ్గరికే తీసుకెళ్లాను. ఆమె మనవరాలు షబానా ఇప్పుడు ఆ ప్యాకెట్ కొనాల్సిన క్లాసులోనే చదువుతోంది.

విషయం విన్నాక కూడా ఖైరున్నిసా చేతులు ఆగలేదు. "నా మాటలు నా మనవరాలికే అమ్ముతరా సార్? మేడమ్ ఉంటే మీతోని మస్తు లొల్లి పెట్టుకుంటుండె."

"మిగతా పాఠాలకు ఫీజు తప్పదమ్మా. ఇదొక్కటి వదిలేస్తే ధర కొంచెమే తగ్గుతది," అంది కవిత.

"ఆ కొంచెమే తగ్గనియ్ బేటీ."

ఫీజు వద్దని రాసి సంతకం చేశాను. నా సంతకం కింద ఖైరున్నిసాతోనూ చేయించాను. నువ్వున్నా ఇదే చేసేదానివి. అందులో నాకు అనుమానం లేదు.

తర్వాత ఖైరున్నిసా ఆ ఇంటర్వ్యూ ఒకసారి చదివి వినిపించమంది. తన జవాబులు అప్పుడే కాలేజీ నుంచి వచ్చిన షబానా చదువుతుంటే, "నేను గింత మంచిగ చెప్పిన్నా?" అని నవ్వింది.

నీ ప్రశ్నలు నేను చదివాను.