కణికను ఎవరూ కిందికి దించకూడదు

బాపట్ల జిల్లా ఈపూరుపాలెంలో ఉంటున్న చేనేత పనివాడు బిట్రా శివనాగరాజు కూతురు, ఇంటర్ ఫస్ట్ ఇయర్ చదువుతున్న శ్రీరమ్య అనే నేను, గుంటూరులో ఒక ఆసుపత్రి మంచం మీద కూర్చుని, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో రాస్తున్న వీలునామా ఇది. నా తల బాగానే ఉంది. వంకర ఉన్నది వెన్నులో. రేపు పొద్దున వీపు కోసి, స్టీలు రాడ్లు పెట్టి, స్క్రూలు బిగించి దాన్ని నిటారు చేస్తారు.

పద్దెనిమిది నిండకుండా రాసిన వీలునామా చెల్లదని నాకు తెలుసు. చెల్లకపోయినా పాటించండి. పాటించకపోతే సిగ్గు మీకే. ఇంగ్లీషులో కాకుండా తెలుగులో ఎందుకు రాస్తున్నానంటే, మా పెదనాన్న కొడుకు బాబ్జీ అన్నయ్య తెలుగు చదవాలంటే అక్షరం అక్షరం కూడబలుక్కోవాలి. వాడు ఆ కష్టం పడాలి.

1. ఆస్తి వివరం. నాకున్న ఆస్తి కణిక ఒక్కతే. నేను గీసిన కామిక్‌లో ఆమె సూపర్‌హీరో. ఒళ్ళంతా మంటలు పుట్టించుకోగలదు. భూమి మీదికి వచ్చి పడబోతున్న ఒక పెద్ద రాయిని తోసుకుంటూ వెళ్ళి వెళ్ళి, తిరిగి రాలేనంత దూరం పోయింది. అక్కడ గాలి లేదు, కాబట్టి మంట అంటుకోదు. అంటే పవర్ పోయిన సూపర్‌హీరో. అయినా బతుకుతోంది. పాడైపోయిన ఒక స్పేస్‌షిప్ సంపాదించుకుంది. అందులో ఉప్మా తప్ప ఇంకేమీ చెయ్యడం రాని వంట రోబోతో రోజూ గొడవ పడుతుంది. పేర్లు తినే జంతువు ఎదురుపడితే తన పేరు బదులు మా ఫిజిక్స్ సార్ పేరు చెప్పి తప్పించుకుంది. చలిరాజు అనేవాడు తనకు దణ్ణం పెడితే ఇంటికి పంపిస్తానన్నాడు. వాడి మొహాన ఉమ్మేసింది. ఆ ఉమ్ము గాల్లోనే గడ్డకట్టి వాడి కిరీటానికి చిల్లు పెట్టింది. (అక్కడ గాలి లేదని పైన నేనే రాశాను. తెలుసు. నా కామిక్, నా ఇష్టం.) ఇదంతా నాన్న డిజైన్లు గీసే గ్రాఫ్ కాగితాల మీద గీశాను. ఎవరికీ చూపించలేదు.

2. బాబ్జీ అన్నయ్యకు ఏమీ లేదు. కారణం అందరికీ తెలియాలి కాబట్టి రాస్తున్నాను.

ఒక కాగితం మీద గళ్ళు నింపి కణిక బొమ్మ వేశాను. నెమలి అంచు డిజైన్ పట్టుకెళ్ళి మాలిక్ మామకు ఇచ్చి రమ్మని నాన్న అన్నయ్యను పంపాడు. మాలిక్ మామ డిజైన్ చూసి అట్టలకు చిల్లులు కొడతాడు. ఆ చిల్లుల్ని బట్టే మగ్గం మీద బొమ్మ పడుతుంది. అన్నయ్య ఫోన్ చూసుకుంటూ నా కాగితాన్ని కూడా కలిపి ఇచ్చేశాడు. నాన్న నేస్తున్న కుప్పడం చీర అంచులో, నెమళ్ళ మధ్య, చేతులు చాపి ఎగురుతున్న ఆడపిల్ల తేలింది.

నాన్న మగ్గం ఆపి, "ఇదెవత్తే నా చీరలోకొచ్చింది?" అన్నాడు. అన్నయ్య వెంటనే నా వైపు వేలు చూపించాడు. నా పేజీలన్నీ మంచం కిందనుంచి బయటికి లాగారు. నాన్న వాటిని వీధిలోకి విసిరేశాడు. ఏరుకొచ్చింది అన్నయ్యే, నాకిద్దామని కాదు. ఫొటోలు తీసి ఇన్‌స్టాలో తన పేరుతో పెట్టుకున్నాడు. పైగా చివర రెండు పేజీలు తనే గీసి కలిపాడు. సిక్స్ ప్యాక్ ఉన్న ఒకడు రాకెట్ వేసుకొచ్చి కణికను భుజాన వేసుకుని తీసుకుపోతాడు. తర్వాతి పేజీలో ఆమె వాడికి టీ ఇస్తోంది. అన్నయ్యకు కాళ్ళు గీయడం రాదు, అందుకని ఇద్దరి కాళ్ళూ పొగలో దాచేశాడు. వాటికి లైకులు.

వెళ్ళి అడిగితే, "ఎన్నాళ్ళు తిప్పుతావే దాన్ని అక్కడ? ఎవడో ఒకడు తీసుకురావాలి కదా" అన్నాడు.

వాడు పెట్టినవన్నీ తీసెయ్యాలి. అసలు పేజీలు తిరిగివ్వాలి. నా ఫోన్ వాడికి ఇవ్వకూడదు. చార్జర్ ఇవ్వచ్చు, అది పనిచెయ్యదు.

3. మా అమ్మ రాజ్యానికి. వంగి వంగి బొమ్మలు గీయబట్టే నేనిలా తయారయ్యానని అమ్మ వేటపాలెం నుంచి కనిగిరి దాకా ఉన్న చుట్టాలందరికీ ఫోన్ చేసి చెప్పింది. ఇది ఎదిగే వయసులో దానంతటదే వస్తుందని, బొమ్మలకూ దీనికీ ఏ సంబంధం లేదని డాక్టర్ గారు అమ్మ ముందే చెప్పారు. అమ్మ తలూపింది. బయటికొచ్చి పిన్నికి ఫోన్ చేసి మళ్ళీ బొమ్మలే అంది. కాబట్టి అమ్మకు డాక్టర్ గారి మాట రాసిస్తున్నాను. నా పెద్దకర్మకు వచ్చినవాళ్ళందరి ముందు దాన్ని ఒక్కసారి గట్టిగా చెప్పాలి. నా పచ్చ స్వెటర్ కూడా అమ్మకే. ఇక్కడి ఏసీకి తను వణుకుతూ, నాకు కప్పుతోంది.

4. నాన్నకు, ఆ చీరలోంచి కత్తిరించి పారేసిన అంచు ముక్క. చెత్తలోంచి తీసి నా బయాలజీ రికార్డులో దాచాను. నెమలే అనుకుని నేసినా, కణిక జుట్టులో గానీ వేళ్ళలో గానీ ఒక్క పోగు తప్పు పోలేదు. నేను గీసినదానికంటే బాగుంది. కోపంతో అప్పుడు చెప్పలేదు. ఇప్పుడు కూడా కోపంతోనే చెబుతున్నాను.

5. ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత మాలిక్ మామది. పేజీలన్నీ ఆయనకే అప్పగించాలి. పొరపాటు తెలిశాక ఆయన ఇంటికొచ్చి నాన్నకు సర్ది చెప్పాడు. నాన్న వినలేదు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, "ఇంతకీ ఆ పిల్ల కిందికి దిగిందా అమ్మా?" అని నన్నడిగాడు. తర్వాతేమైందని నన్నడిగింది ఆయనొక్కడే. ఇంకా లేదు మామా అన్నాను. తొందరేముంది, దాని టైములో అదే దిగుతుందిలే అన్నాడు.

సాక్షి సంతకం పెట్టేవాళ్ళకు ఆస్తి రాయకూడదట. అందుకే పక్క మంచం రాఘవమ్మ గారికి ఏమీ రాయడం లేదు. మిరపకాయ బస్తాల ట్రాక్టర్ మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుందావిడ. ఏం రాస్తున్నావని అడిగితే లెటర్ అన్నాను. "ఎవడే వాడు?" అంది. ఎవడూ లేడంటే నమ్మలేదు, సంతకానికి మాత్రం ఒప్పుకుంది.

6. కణిక సంగతి. అన్నిటికంటే ఇది ముఖ్యం.

డాక్టర్ గారు నిన్న, "ఆపరేషన్ మధ్యలో ఒకసారి నిన్ను లేపుతామమ్మా. కాలివేళ్ళు కదపమంటాం. కదిపితే మళ్ళీ నిద్రపుచ్చుతాం" అన్నారు. కదలకపోతే అని అడిగాను. ఆయన అమ్మ వైపు చూసి, కదులుతాయిలే అన్నారు. అది జవాబు కాదు. అప్పట్నుంచి దుప్పటి కింద వేళ్ళు కదుపుతూనే ఉన్నాను. ఇది రాస్తూ కూడా కదుపుతున్నాను. నేనెక్కడో చాలా దూరంలో ఉంటాను, ఎవరో పిలుస్తారు, నాకు వినపడదేమో. వినపడినా ఆ మాట కాళ్ళదాకా చేరదేమో. ఈ భయం ఎవరికీ చెప్పలేదు. అమ్మకు చెబితే ఏడుస్తుంది, అన్నయ్యకు చెబితే పోస్ట్ పెడతాడు. అందుకని ముందే రాసి పెడుతున్నాను.

(క) నేను లేవకపోతే కథ అక్కడే ఆగాలి. కణిక ఆ షిప్పులోనే ఉప్మా తిని తిట్టుకుంటూ ఉంటుంది. ఎవరూ రాకెట్ పంపకూడదు. పంపినవాడికి నేను దయ్యమై కనిపిస్తాను.

(ఖ) లేచి, వేళ్ళు కదిలితే ఈ కాగితం చించెయ్యండి. కణికను నేనే దించుకుంటాను.

(గ) లేచి, వేళ్ళు కదలకపోతే. దీని గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడటం లేదు, నేనే మాట్లాడుతున్నాను. అప్పుడు కథ ఆగదు. అంతరిక్షంలో కాళ్ళతో పని లేదు, అందరూ తేలుతూనే తిరుగుతారు. కణిక రాలేక అక్కడ ఉండిపోయిందని ఎవరూ అనకూడదు. ఇకమీదట ఆమె ఊరు అదే. నా మంచం దగ్గరికి ఒక బల్ల, గ్రాఫ్ కాగితాలు తెచ్చిపెట్టండి. చుట్టూ చేరి ఏడవకండి. ఏడ్చినా, వెలుతురికి అడ్డంగా నిలబడకండి.

2025 ఫిబ్రవరి 18, మంగళవారం, గుంటూరు.

(సంతకం) బిట్రా శ్రీరమ్య

సాక్షులు:
1. రాఘవమ్మ (కుడిచెయ్యి కట్టులో ఉన్నందున ఎడమచేత్తో పెట్టిన సంతకం)
2. సాయిలక్ష్మి, వార్డు నర్సు (చదవకుండా పెట్టమన్నాను, చదివే పెట్టింది)