ఒకరు మర్చిపోయి ఉండవచ్చు

మార్చి 9, ఆదివారం

చిరంజీవి చిన్నోడికి,

మీ బావ దీవించి రాస్తున్న ఉత్తరం. మీ అక్క క్షేమం, పిల్లలిద్దరూ క్షేమం. నా క్షేమం సంగతి ఉత్తరం ముగిసేలోపు రాస్తాను. మా చెల్లెమ్మా, మేనకోడలూ బాగున్నారని మీ అక్క చెప్పింది.

ఫోను చేతిలో ఉండగా ఉత్తరమేమిటి అనుకుంటావు. ఫోన్లో అయితే నేను దగ్గుతాను, మాట మారుస్తాను, సిగ్నలు లేదంటాను. కాగితం మీద పారిపోవడానికి దారులు తక్కువనుకున్నాను. ఇప్పటికి నాలుగు కాగితాలు చింపాను కాబట్టి ఆ నమ్మకం కూడా సన్నగిల్లింది.

మీ అక్క మీ ఇంటి నుంచి వచ్చి మూడు రోజులైంది. వచ్చిన దగ్గర్నుంచీ నీ గొడవే. మోటార్ల రిపేరు షాపు పెద్దాయన నిన్ను భాగస్వామిగా రమ్మన్నాడట, వచ్చే శనివారంలోగా ఏ సంగతో చెప్పమన్నాడట. నువ్వు వద్దంటున్నావట. ఎందుకురా అని అడిగితే, కరెంటు పని మతిమరుపు మనుషులకి కాదక్కా అన్నావట. గ్యాసు కట్టేశానో లేదో చూసి రమ్మని రోజూ పాపని పంపిస్తున్నావట. తాళం వేసి వీధి చివరిదాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి లాగి చూస్తున్నావట. ఇదంతా చెప్పి మీ అక్క నా మీద పడింది. మీరు చెప్తే వాడు వింటాడు, చదువుకున్నవారు, నాలుగు ధైర్యం మాటలు రాయండి అంది. రాస్తాను అన్నాను. రాయొచ్చు అనలేదేమిటా అని వింతగా చూసింది.

నా సంగతి నీకు తెలియనిదేముంది. ఫ్యాక్టరీలో అందరూ నన్ను చాటుగా మేబీ సారు అంటారు, అది నాకు తెలియదనుకుంటారు. టీ తాగుతారా అంటే తాగొచ్చు అంటాను. వాన పడుతుంటే కిటికీలోంచి చూసి, వాన పడుతున్నట్టుంది అంటాను. కూరలో ఉప్పు సరిపోయిందా అంటే సరిపోయి ఉండొచ్చు అనే మనిషితో పద్దెనిమిదేళ్ళు కాపురం చేశానని మీ అక్క వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంటుంది.

ఇది నాకు పుట్టుకతో వచ్చిన గుణం కాదు. పాత మేనేజరు గారు నేర్పారు. రిపోర్టులో 'ఐ' ఉండకూడదు, 'యూ' ఉండకూడదు, 'వన్' అని రాయి అనేవారు. వన్ అంటే ఎవరో ఒకరు. ఎవరైనా కావచ్చు, ఎవరూ కాకపోవచ్చు కూడా. దాని పక్కన ఒక 'మైట్', కుదిరితే ఒక 'కుడ్' పెట్టావంటే ఇక నీకేసి ఎవరూ వేలెత్తి చూపలేరు అనేవారు. (ఈ మాట నీకు రాయకూడదు. కొట్టెయ్యబోయి వదిలేశాను.) అదంతా మర్యాద అనుకున్నాను. నా అంత నున్నగా ఇంగ్లీషు రాసేవాడు ఆ బ్రెడ్డు ఫ్యాక్టరీలో లేడని పొంగిపోయాను.

ఆ రోజు సంగతి నీకు కొత్తగా చెప్పాల్సింది కాదు, కానీ వరస తప్పితే నాకు రాయడం చేతకాదు. పిండి కలిపే మిక్సరు గదిలో ఉంటుంది, దాని స్విచ్చి గోడకి ఇవతల. లోపల చెయ్యి పెట్టి అడుగు గోకే మనిషి ఇవతలివాడికి కనిపించడు. అందుకే ఎర్ర బిళ్ళల పద్ధతి పెట్టారు. లోపలికి వెళ్ళేవాడు బోర్డు మేకు నుంచి తన నంబరు బిళ్ళ తీసి స్విచ్చికి తగిలించాలి. తగిలించినవాడే తియ్యాలి. ఆ రోజు స్విచ్చి వేసింది నేను. అది దాచలేదు. స్విచ్చి మీద బిళ్ళ లేదు కాబట్టి వేశానని చెప్పాను. నీ బిళ్ళ బోర్డు మీద నీ మేకుకే వేలాడుతుండటం అందరూ చూశారు. నీ కుడిచేతి వేళ్ళు రెండు పోయాయి.

విచారణ రిపోర్టు రాసే పనీ నాకే అప్పజెప్పారు, నా ఇంగ్లీషు బాగుంటుందని. 'వన్ మైట్ హేవ్ ఫర్‌గాటెన్ టు హ్యాంగ్ ద ట్యాగ్' అని రాశాను. ఆసుపత్రి మంచం మీద ఆ కాగితం ఎడమచేత్తో పట్టుకుని, బావా ఇదేంటో తెలుగులో చెప్పు అన్నావు. ఒకరు బిళ్ళ తగిలించడం మర్చిపోయి ఉండవచ్చు అని చెప్పాను. ఆ ఒకరు నేనేనా అన్నావు. పేరు రాయలేదు చూడు అన్నాను. మర్చిపోయావని కాదు, ఉండవచ్చు అని మాత్రమే అన్నాను. తగిలించినట్టే గుర్తుంది బావా, కానీ బోర్డు మీదే ఉందంటున్నారు కదా, మర్చిపోయే ఉంటాను అన్నావు. తర్వాత, నా పేరు రాయకుండా కాపాడావు అని నాకు దణ్ణం పెట్టబోయావు. కట్టు ఉండటం వల్ల చేతులు కలవలేదు. నేను నీ దిండు సర్దాను.

సిగ్గుతో చచ్చిపోయాను అంటారు అందరూ. నేను చావలేదు. ఇంటికి వెళ్ళి శుభ్రంగా అన్నం తిన్నాను. రెండు నెలలయ్యాక, మతిమరుపు మనిషి మిషన్ల దగ్గర వద్దని నిన్ను గేటు దగ్గర కూర్చోబెట్టారు. ఆ కాగితం మీదా నా సంతకం ఉంది. మర్నాటి నుంచి సైకిలు స్టాండు అటు దగ్గరని చెప్పి వెనక గేటు గుండా వెళ్ళడం మొదలుపెట్టాను. ఆరు నెలలు నిన్ను తప్పించుకు తిరిగాను. చివరికి నువ్వే ఉద్యోగం మానేశావు.

ఇక మీ అక్క రాయమన్న ధైర్యం. నువ్వు మతిమరుపు మనిషివి కావు. మిక్సరుకి ఏ బోల్టు ఏ నెలలో మార్చారో రిజిస్టరు చూడకుండా చెప్పేవాడివి. మా ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో ఇప్పటికీ మీ అక్క నీకు ఫోను చేసి అడుగుతుంది. ఆ రోజు ఏదో పొరపాటు జరిగి ఉండవచ్చు. ఎవరి వైపు నుంచైనా జరిగి ఉండవచ్చు. పని ఒత్తిడిలో ఎవరికైనా అలా కావచ్చు. షాపు పెద్దాయనకి సరేనంటే బాగుంటుందేమో, ఆలోచించు.

ఇప్పుడు రాసింది మళ్ళీ చదువుకుంటే నా మీద నాకే రోత పుట్టింది. తెలుగులో రాస్తూ కూడా ఆ రిపోర్టే రాశాను. చెల్లెమ్మని అడిగానని చెప్పు. మేనకోడలికి ముద్దులు.

ఇట్లు,
మీ బావ

తా.క. కవరు అంటించి, మళ్ళీ విప్పాను.

బిళ్ళ నువ్వు తగిలించావు. నేను తీశాను.

పొద్దుటి షిఫ్టువాళ్ళు తియ్యకుండా వదిలేసిన బిళ్ళ అనుకున్నాను, వాళ్ళకి అది అలవాటే. నంబరు చూడలేదు. బయట సరుకు కోసం లారీవాడు హారను మోగిస్తున్నాడు. బిళ్ళ జేబులో వేసుకుని స్విచ్చి వేశాను. నీ కేక విని పరిగెత్తాను, చొక్కా చింపి నీ చేతికి కట్టాను. బావ సమయానికి లేకపోతే నా ప్రాణం పోయేది అని నువ్వు అందరికీ చెప్పావు, నేను ఆ మాట కూడా వింటూ నిలబడ్డాను. నిన్ను అంబులెన్సు ఎక్కించాక అందరూ గేటు దగ్గరే ఉన్నారు. నేను ఒక్కణ్ణే లోపలికి వెళ్ళాను. జేబులోంచి బిళ్ళ తీసి, అప్పుడు నంబరు చూసి, వెతికి నీ మేకుకి తగిలించాను. అది హడావుడిలో చేసింది కాదు. తెలిసే చేశాను.

నువ్వు మర్చిపోలేదు. నీకు గుర్తున్నదే నిజం. ఈ ఉత్తరం అందిన రోజే వెళ్ళి షాపు పెద్దాయనకి సరేనని చెప్పు.

ఇదే సంగతి రేపు పొద్దున్న మేనేజరుకి ఇంగ్లీషులో రాసి ఇస్తాను. ప్రతి వాక్యం 'ఐ'తోనే మొదలవుతుంది. ఉద్యోగం పోతుంది. నువ్వు నా గడప తొక్కకపోయినా, నా ముఖం చూడకపోయినా నేను నొచ్చుకోను.

మీ అక్క ఇప్పటికి రెండుసార్లు వచ్చి రాయడం అయిందా అని అడిగింది. పోస్టు చేసేముందు తనకి చదివి వినిపించమంది. వంటింట్లో కూర్చుని ఎదురుచూస్తోంది. వెళ్తున్నాను.