ఒక పట్ట తక్కువ

చిరంజీవి సుమయ్యకు నాన్న దువా.

ఇక్కడ నేను క్షేమం. అందరం అని రాయబోయి ఆగాను. అమ్మ పోయాక ఇంట్లో ఉన్నది నేనొక్కడినే. సూడాన్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్లతో మీ శిబిరం నిండిపోయిందని రాశావు. వాళ్లకు మందులిచ్చే హడావిడిలో నీ తిండి మరిచిపోకు. నీతో పనిచేసే డెబోరా సెలవు ముగించుకుని అక్కడికి తిరిగి వస్తోంది కనుక ఈ ఉత్తరం ఆమె చేతికిస్తున్నాను. ఫోనులో చెప్పగలిగిన సంగతి కాదు.

నువ్వు అడిగినవాటికి జవాబులు. బీపీ మాత్ర వేసుకుంటున్నాను. వంట నేనే చేసుకుంటున్నాను; పులుసు మాత్రం అమ్మ చేసినట్టు రావడం లేదు. తుఫాను నీళ్లు ఇంట్లోంచి పోయాయి. జాలర్ల కుప్పంలో పడవలు ఇంకా ఒడ్డు మీదే ఉన్నాయి. వలలు పనికిరావు. మీ సంస్థ పంపిన బియ్యం, టార్పాలిన్ పట్టలే వాళ్లకు ఆధారం.

చివరి ప్రశ్న జడ్సన్ గురించి. ఇంటికొక పట్ట చొప్పున పంపితే ఒకటి తగ్గిందని, వ్యాను తోలుకొచ్చిన జడ్సనే అమ్ముకున్నాడని కుప్పంలో అంటున్నారట, ఆఫీసు అతణ్ణి పనిలోంచి ఆపిందట, నిజమేమిటని అడిగావు.

జడ్సన్ తీయలేదు. నేను తీశాను.

సరుకు మన వరండాలో దించారు. పంచే బాధ్యత నాది. ఆ సాయంత్రం వాన మళ్లీ పట్టుకుంది. అమ్మ పోయి అప్పటికి నలభై రోజులైనా కాలేదు. గోరీకి సిమెంటు వేయించవద్దని, మట్టిగానే ఉంచమని తనే చెప్పింది కదా. మన ఖబరస్తాన్‌లో ఉన్నదంతా ఇసుక. వెళ్లి చూస్తే ఒక పక్క జారిపోతోంది. ఒక పట్ట తీసుకెళ్లి కప్పి, అంచుల మీద ఇటుకలు పెట్టి వచ్చాను.

మర్నాడు పంచుతుంటే చివరి గుడిసె అంకాలమ్మది. ఆమెకు లేకపోయింది. "వచ్చిందే తక్కువ," అన్నాను. జడ్సన్ పక్కనే ఉన్నాడు. "లేదు సార్, సరిగ్గానే దించినా కదా," అన్నాడు. నేను వినిపించుకోనట్టు ఇంటిదారి పట్టాను.

నీ ఉత్తరం చదివాక ఆ పట్ట తీసి అంకాలమ్మకు పట్టుకెళ్లాను. మనవరాలిని ఒళ్లో పెట్టుకుని, కురవని మూల చూసుకుని కూర్చుని ఉంది. జరిగింది చెప్పాను.

"ఏంది సారూ, చచ్చినోళ్లకు జలుబు చేస్తాదా?" అంది. "బిడ్డ ఒకటే దగ్గతా ఉంది. ఆ డ్రైవరు పిలగాణ్ణి మావోళ్లు ఎన్ని తిట్లు తిట్టినారు! నేనూ తిట్టినా."

పట్ట ఆమె ముందు పెట్టాను.

"నిలబడి ఏం చూస్తావు? ఆ కొస పట్టుకో. మీ ఇంటామె జబీనమ్మే ఉండుంటే నిన్ను గడప తొక్కనిచ్చేది కాదు."

కొస పట్టుకున్నాను.

కుప్పం పెద్దలకు చెప్పేశాను. రేపు జడ్సన్ ఇంటికి వెళ్లి, అక్కడి నుంచి నెల్లూరు ఆఫీసుకు వెళతాను. నువ్వు కూడా మీ పైవాళ్లకు రాయి. నాన్న అని దాచవద్దు.

ఇది రాస్తుంటే వాన పడుతోంది. గోరీ ఎట్లా ఉందో తెలియదు. వెళ్లి చూస్తే మళ్లీ ఏదో ఒకటి కప్పాలనిపిస్తుంది. అందుకే వెళ్లడం లేదు.

ఇట్లు,
జడ్సన్‌కు మొహం చూపించవలసిన మీ నాన్న,
మీరా మొహిద్దీన్