చక్రం కింది రాయి

గురువారం, ఆగస్టు 1981

చౌడేపల్లె దోవలో మిట్టమీద జీపును మొదటి గేరులో నిలిపింటిని. హ్యాండ్ బ్రేకు పనిచెయ్యక శానా దినాలాయ, గేరే ఆధారం. మళ్లా బయల్దేరదామంటే ఆ గేరు ఎంత లాగినా న్యూట్రల్‌కు రాలేదు. పుంగనూరు నుంచి మెకానిక్ మస్తానన్నను పిల్సుకొస్తిని. జీపు కిందికి దూరతా, "చక్రానికి రాయి పెట్టిండావా అప్పా?" అన్నాడు.

సీట్లోంచి దిగకుండానే "పెట్టిండాన్లే అన్నా" అన్నాను. ఎప్పుడూ పెట్టేవాణ్ణే కదా.

గేరు న్యూట్రల్‌కు వచ్చింది. నేను బ్రేకు తొక్కేలోపల జీపు ఎనక్కి జారి ఆయన కాలెక్కింది.

మదనపల్లె ఆసుపత్రిలో, మోకాలి కింద తీసెయ్యాలంటాండారు. ఆయన నా చెయ్యి పట్టుకొని భార్యతో చెప్తాండాడు: "ఈయప్పను ఏమీ అనొద్దు. రాయి జారిపోయింది, అంతే."

జారేదానికి ఆడ రాయుంటే కదా.

"అవును వదినా, జారింది" అన్నాను.